దుకాణం కౌంటరు మీద పుట్టిన రేడియో పత్రికలు

రేడియో పని నేర్చుకునేవాడికి పత్రిక ఒక్కటే చాలదు. బొమ్మలో గీసిన కండెన్సర్ లాంటి పార్టు చేతికి కూడా దొరకాలి. దొరక్కపోతే ఎంత మంచి సర్క్యూట్ అయినా కాగితం మీదే ఉండిపోతుంది. ఈ సంగతిని నూటఇరవై ఏళ్ల కిందట న్యూయార్కులో ఒక కుర్రాడు బాగా పట్టుకున్నాడు. ముందు సామాను అమ్మాడు. ఆ సామానుతో ఏం చేయాలో చెప్పడానికి పత్రిక పెట్టాడు. అతని పేరు హ్యూగో గెర్న్స్‌బ్యాక్.

సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లకు ఆయన పేరు మీద ఇచ్చే హ్యూగో అవార్డుల వల్ల ఆ పేరు తెలిసే ఉంటుంది. నాకు మాత్రం ఆయన రేడియో పత్రికలాయన. 1908లో మొదలై, పేర్లు మారి, ఒకసారి దివాలా తీసి మళ్లీ లేచి, ఆయన పోయాక కూడా ముప్పై ఏళ్లకు పైగా నడిచి, 2003 జనవరి సంచికతో ఆగిపోయాయి ఆ పత్రికలు. నా చేతికి పని నేర్పినవాటిలో అవి కూడా ఉన్నాయి. వాటి కథ తెలుగులో రాసినవాళ్లు నాకు కనపడలేదు కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను.

మాది నల్లగొండ. ఎనభైల మొదట్లో ఇంటర్ చదువుతూ, సాయంత్రమైతే ప్రకాశం బజార్ దగ్గర మా మేనమామ రేడియో రిపేరు దుకాణంలో కూర్చునేవాణ్ని. బుష్, మర్ఫీ, ఫిలిప్స్ వాల్వు (గాజు ట్యూబుల) సెట్లు అప్పటికే తగ్గుతున్నాయి. ట్రాన్సిస్టర్ సెట్లు, టేప్ రికార్డర్లే ఎక్కువ వచ్చేవి. మామ ఐదో తరగతి దాటలేదు. ఇంగ్లిషులో పార్టు నంబర్లు తప్ప ఏమీ చదవలేడు. కానీ సర్క్యూట్ బొమ్మ ముందు పెడితే వేలితో యాంటెనా దగ్గర మొదలుపెట్టి స్పీకర్ దాకా వెళ్లి, మధ్యలో ఎక్కడ ఏ వోల్టేజీ ఉండాలో చెప్పేవాడు. "నువ్వు అక్షరం చదువు అల్లుడా, బొమ్మ నేను చదువుత" అనేవాడు. మా ఇద్దరి చదువూ కలిస్తేనే ఒక వ్యాసం పూర్తయ్యేది.

ఆ వ్యాసాలు ఎక్కువగా రేడియో ఎలక్ట్రానిక్స్ అనే అమెరికా పత్రికలోవి. సామాన్ల కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు, ఆదివారం అయితే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాణ్ని. నవలలు, గైడ్ల మధ్య అట్టలు ఊడిన పాత సంచికలు దొరికేవి. అడుగున చిన్న అక్షరాల్లో గెర్న్స్‌బ్యాక్ పబ్లికేషన్స్ అని ఉండేది. ఆ పేరెవరిదో చాలాకాలం తర్వాత గానీ తెలుసుకోలేదు.

గెర్న్స్‌బ్యాక్ 1884 ఆగస్టు 16న లక్సెంబర్గ్‌లో పుట్టాడు. 1904లో, ఇంకా ఇరవై నిండకముందే, తను తయారుచేసిన ఒక బ్యాటరీ మీద ఆశతో అమెరికా వచ్చాడు. బ్యాటరీ వ్యాపారం అనుకున్నంత సాగలేదు. ప్రయోగాలకు కావాల్సిన చిన్న చిన్న ఎలక్ట్రికల్ సామాన్లు న్యూయార్కులో దొరక్క యూరప్ నుంచి తెప్పించుకోవాల్సి వస్తోందని గమనించి, అదే వ్యాపారం చేశాడు. దాని పేరు ఎలక్ట్రో ఇంపోర్టింగ్ కంపెనీ. పోస్టులో ఆర్డరు పెడితే సామాను ఇంటికి పంపేవాళ్లు.

ఆ కంపెనీ 1905లో టెలిమ్‌కో అనే వైర్‌లెస్ సెట్టు అమ్మకానికి పెట్టింది. సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ప్రకటన వేసింది. పది డాలర్ల లోపు ధరకే పంపే సెట్టు, తీసుకునే సెట్టు రెండూ వచ్చేవి. ఇది పాటలు వినే రేడియో కాదు. పంపేవైపు ఒక స్పార్క్ కాయిల్ ఉంటుంది. మీట నొక్కితే రెండు గుండ్ల మధ్య నిప్పురవ్వ ఎగురుతుంది. తీసుకునేవైపు ఒక గాజు గొట్టం, అందులో లోహపు రజను. తరంగం తగలగానే రజను రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని కరెంటును పోనిస్తాయి, రిలే అనే మీట దానంతట అదే పడుతుంది, గంట మోగుతుంది. రజను మళ్లీ విడిపోవాలంటే గొట్టాన్ని చిన్న సుత్తి తట్టాలి. మైలు దూరం దాకా పనిచేస్తుందని ప్రకటనలో రాశారు. ఇంత తక్కువ ధరకు వైర్‌లెస్ సెట్టు ఇవ్వడం మోసమేనని ఎవరో ఫిర్యాదు చేస్తే, పోలీసు దుకాణానికి వచ్చాడని, అతని ముందు సెట్టు నడిపి చూపించాల్సి వచ్చిందని గెర్న్స్‌బ్యాక్ తర్వాత చెప్పుకున్నాడు.

ఇక్కడ నాకు నచ్చేది ధర కాదు. సామాను మొత్తం ఒక్క పెట్టెలో రావడం. ఊళ్లో కుర్రాడు ఒక్క కాయిల్ కోసం నెలరోజులు ఆగాల్సిన పనిలేదు. పెట్టె విప్పి, కాగితంలో చెప్పినట్టు కలిపితే ఆ సాయంత్రమే గంట మోగుతుంది. మొదటిసారి గంట మోగించిన పిల్లవాడు రెండోసారి మళ్లీ కొంటాడు. ఎలా పనిచేస్తుందని కూడా అడుగుతాడు.

ఆ ప్రశ్నలకు జవాబులు మొదట ఆయన కేటలాగులోనే ఉండేవి. సామాను ధరల పక్కనే వివరాలు, బొమ్మలు వేసేవాడు. ఆ వివరాలు పెరిగి పెరిగి 1908 ఏప్రిల్‌లో మోడర్న్ ఎలక్ట్రిక్స్ అనే నెలపత్రిక అయ్యాయి. ధర పది సెంట్లు. ఆ తర్వాతి ఏడాది వైర్‌లెస్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా అని పాఠకుల సంఘం కూడా పెట్టాడు. దుకాణం, పత్రిక, సంఘం మూడూ ఒకే మనిషి నడిపాడు. దీన్ని కొందరు వ్యాపార తెలివి అని తేలిగ్గా తీసేస్తారు. వ్యాపారం ఉన్నమాట నిజమే. కానీ మూడింట్లో ఏ ఒక్కటి లేకున్నా మిగతావి నిలబడేవి కావని రిపేరు దుకాణంలో కూర్చున్నవాడికి తెలుస్తుంది.

1912లో అమెరికా ప్రభుత్వం రేడియో చట్టం తెచ్చింది. అంతదాకా ఎవరికి తోచిన తరంగం మీద వాళ్లు పంపుకునేవాళ్లు. చట్టం వచ్చాక లైసెన్సు తీసుకోవాలి, అభిరుచితో చేసేవాళ్లు 200 మీటర్లు, అంతకంటే తక్కువ తరంగాలకే పరిమితం కావాలి. ఆ పొట్టి తరంగాలు దేనికీ పనికిరావని అప్పటి పెద్దల నమ్మకం. పదేళ్లు తిరిగేసరికి వాటితోనే ఆ కుర్రాళ్లు సముద్రాలు దాటి మాట్లాడుకున్నారు. మనం రాత్రిళ్లు షార్ట్‌వేవ్‌లో బీబీసీ, రేడియో సిలోన్ పట్టుకున్నది కూడా దూరాలు వెళ్లే అదే గుణం వల్ల.

మోడర్న్ ఎలక్ట్రిక్స్‌ను 1913లో అమ్మేసి, అదే ఏడాది ఎలక్ట్రికల్ ఎక్స్‌పెరిమెంటర్ మొదలుపెట్టాడు. నికోలా టెస్లా తన జీవితం గురించి రాసుకున్న వ్యాసాలు 1919లో వరసగా వచ్చింది ఇందులోనే. 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగగానే అభిరుచితో నడిపే అమెచ్యూర్ స్టేషన్లన్నీ మూసేయమన్నారు. యాంటెనాలు దించేశారు. పంపడం మీద నిషేధం 1919 అక్టోబరులో గానీ తొలగలేదు. వైర్‌లెస్ సామానే ప్రధాన సరుకుగా ఉన్న దుకాణానికి ఇది పెద్ద దెబ్బ. యుద్ధం అయ్యాక గెర్న్స్‌బ్యాక్ దృష్టి పూర్తిగా పత్రికల మీదికి మళ్లింది. సోదరుడు సిడ్నీతో కలిసి నడిపిన ఎక్స్‌పెరిమెంటర్ పబ్లిషింగ్ కంపెనీ నుంచి 1919 జులైలో రేడియో అమెచ్యూర్ న్యూస్ వచ్చింది. ఏడాదికి దాని పేరు రేడియో న్యూస్ అయింది.

సమయం బాగా కలిసొచ్చింది. 1920 నవంబరులో పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ ఎన్నికల ఫలితాలు చదివింది. ఆ తర్వాత ఊరూరా స్టేషన్లు లేచాయి. సెట్టు కొనలేనివాళ్లు కట్టుకోవాలనుకున్నారు. రేడియో న్యూస్ పేజీలు లావెక్కాయి. ఇప్పుడు స్కాన్ చేసిన ఆ సంచికలు ఇంటర్నెట్లో ఉచితంగా చూడొచ్చు. వ్యాసాల కంటే ప్రకటనలే ఎక్కువనిపిస్తుంది. ట్యూబులు, కాయిల్స్, గ్యాంగ్ కండెన్సర్లు, హెడ్‌ఫోన్లు, బేకలైట్ ప్యానెళ్లు, వాటిమీద తిప్పే నాబ్‌లు. పేజీ పేజీకీ చిరునామా, ధర. నేను వ్యాసాల కంటే ముందు అవే చూస్తాను. ఆ ప్రకటనలున్నన్నాళ్లూ ఆ హాబీ బతికే ఉంది.

1925లో గెర్న్స్‌బ్యాక్ సొంతంగా రేడియో స్టేషన్ కూడా పెట్టాడు. దాని పేరు డబ్ల్యుఆర్‌ఎన్‌వై, న్యూయార్కులో రూజ్‌వెల్ట్ హోటల్లో ఉండేది. 1928 ఆగస్టులో దాన్నుంచి టెలివిజన్ బొమ్మలు పంపారు. గీతలు నలభై ఎనిమిదే, బొమ్మ సైజు అంగుళంన్నర. చూడాలంటే పాఠకులు సెట్టు తామే కట్టుకోవాలి. మన హైదరాబాద్‌లో దూరదర్శన్ రాకముందు దాదాపు యాభై ఏళ్ల నాటి మాట ఇది. మధ్యలో, 1926 ఏప్రిల్‌లో, అమేజింగ్ స్టోరీస్ అనే కథల పత్రిక పెట్టాడు. సైన్స్ కథలకే కేటాయించిన మొదటి ఇంగ్లిషు పత్రికగా దానికి పేరు. రచయితలకు డబ్బులు తక్కువ ఇస్తాడని, అవీ ఆలస్యంగా ఇస్తాడని వాళ్లు గొడవపడ్డారు. ఆ ఫిర్యాదు న్యాయమైందే. పని చేసినవాడి కూలి ఆపడం ఎవరు చేసినా తప్పే, పత్రిక ఎంత గొప్పదైనా సరే.

1929 ఫిబ్రవరిలో ఆయన పత్రికల కంపెనీ దివాలా తీసింది. పత్రికలన్నీ వేరేవాళ్ల చేతికి పోయాయి. రేడియో న్యూస్ కూడా పోయింది. ఈ రేడియో న్యూస్‌ను గుర్తుపెట్టుకోండి, దాని ప్రయాణం చివరికి మళ్లీ చెప్తాను. ఆయన మాత్రం పాత పాఠకులకు ఉత్తరాలు రాసి, కొత్త పత్రికలకు ముందే చందా కట్టమని అడిగాడు. వాళ్లు కట్టారు. ఆ జులైకే రేడియో క్రాఫ్ట్ బజార్లో ఉంది.

రేడియో క్రాఫ్ట్ దగ్గరికి వచ్చేసరికి నాకు ఈ కథ ఇంకా సొంతమవుతుంది. అది రిపేరువాళ్ల పత్రిక. అప్పటికి అమెరికాలో లక్షల ఇళ్లకు సెట్లు వచ్చాయి, ఆ వెంటనే ఆర్థికమాంద్యం వచ్చింది. కొత్త సెట్టు కొనే డబ్బు ఎవరి దగ్గరా లేదు, పాతదాన్ని బాగుచేయించుకోవాలి. ఉద్యోగాలు పోయిన వాళ్లెందరో టెస్ట్‌మీటరు పట్టుకుని రేడియో పనిలోకి దిగారు. సెట్టులో గుర్గుర్ వస్తే ముందు ఎక్కడ చూడాలి, ట్యూబు పోయిందా కండెన్సర్ లీకవుతోందా ఎలా తేల్చాలి, గిరాకీ దగ్గర ఎంత తీసుకోవాలి, ఇవన్నీ రాసేవాళ్లు. కంపెనీల సర్క్యూట్లన్నీ ఒకచోట చేర్చి సర్వీస్ మాన్యువల్ పేరుతో లావుపాటి పుస్తకాలు కూడా వేశారు.

సర్క్యూట్ బొమ్మ విలువ మెకానిక్కుకే తెలుసు. మామ దుకాణంలో కొత్త కంపెనీ సెట్టు వచ్చినప్పుడు బొమ్మ లేకపోతే బోర్డు తిప్పి, రాగి దారుల వెంట చూసుకుంటూ కాగితం మీద తనే గీసుకునేవాడు. అలా గీసిన కాగితాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. కొన్ని కంపెనీలు సర్వీస్ బొమ్మలు తమ డీలర్లకు తప్ప ఎవరికీ ఇచ్చేవి కావు. నల్లగొండలో చిన్న దుకాణం పెట్టుకున్నవాణ్ని దగ్గరికి రానిచ్చేవాళ్లే లేరు. ఆ రోజుల్లో ఒక పత్రిక నెలనెలా బొమ్మలు వేసి అందరికీ ఇచ్చిందంటే, దాన్ని ప్రచురించినవాళ్లకు నేను రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

1948 జూన్ చివర్లో బెల్ ల్యాబ్స్ ట్రాన్సిస్టర్‌ను లోకానికి చూపించింది. ఆ అక్టోబరులోనే రేడియో క్రాఫ్ట్ పేరు రేడియో ఎలక్ట్రానిక్స్‌గా మారింది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నాకు దొరికింది ఈ పేరుతోనే.

ఇక ఆ పత్రిక నల్లగొండలో ఎలా పనిచేసిందో చెప్పాలి. మేం మొదట కట్టింది సిగ్నల్ ట్రేసర్. సెట్టులో సిగ్నల్ ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో చెవితో విని పట్టుకునే పరికరం అది. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ పెట్టిన ఒక ప్రోబు, వెనక చిన్న ఆంప్లిఫయర్, స్పీకర్, అంతే. నేను వ్యాసం చదివి చెప్పాను, మామ బొమ్మ మీద వేలు నడిపించాడు. "మంచిగనే ఉంది గాని, ఈ నంబర్లేవీ మన దగ్గర దొరకవు గదా" అన్నాడు.

నిజంగానే దొరకవు. వాళ్లది 1ఎన్34 డయోడ్, మన దగ్గర ఓఏ79. వాళ్లవి 2ఎన్ నంబర్ల ట్రాన్సిస్టర్లు, మనకు దొరికేవి ఏసీ128, బీసీ148, ఎస్‌ఎల్100, ఎస్‌కే100. దేనికి బదులు ఏది పనికొస్తుందో చెప్పే ఈక్వివలెంట్ పుస్తకం ఒకటి ఉండేది, దాన్ని మామ దేవుడి పటం కింద పెట్టుకునేవాడు. పుస్తకం ఒప్పుకున్నా కాళ్లు ఒప్పుకోవు. ట్రాన్సిస్టర్‌కు ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లు. 2ఎన్3904 చదునువైపు మనకు కనపడేట్టు పట్టుకుంటే ఎమిటర్, బేస్, కలెక్టర్ అని వరస. తర్వాత మన దగ్గర బాగా దొరికిన బీసీ547కి అదే వరస తిరగేసి ఉంటుంది. ఎస్‌ఎల్100కి డబ్బా మీద చిన్న నాలుక ఉంటుంది, దాని పక్కకాలు ఎమిటర్. డబ్బా మొత్తం కలెక్టర్, పక్కనున్న దేనికైనా తగిలితే షార్టే. వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్లు 117 వోల్టులవి, మన కరెంటు 230. కాయిల్స్ విషయంలో మాత్రం అదృష్టం, వాళ్ల సెట్లలోనూ మన సెట్లలోనూ ఐఎఫ్, అంటే ఏ స్టేషన్ పట్టినా సెట్టు లోపల మార్చుకునే ఫ్రీక్వెన్సీ, 455 కిలోహెర్ట్జే కాబట్టి పాత సెట్టు నుంచి పీకిన ఐఎఫ్ కాయిల్స్ సరిపోయేవి. ట్రేసర్ పూర్తయ్యాక ఒక పాత సెట్టులో హైదరాబాద్ స్టేషన్ 738 కిలోహెర్ట్జ్ మీద పెట్టి, స్టేషన్ పట్టే గ్యాంగు దగ్గర్నుంచి మాట విడదీసే డిటెక్టర్ దాకా ఒక్కోచోట ప్రోబు ఆనించి విన్నాం. మామ ముఖం చూడాలి ఆ రోజు. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాంతోనే పనిచేశాడు.

సామాన్ల కోసం మా దిక్కు కోఠిలో గుజరాతీ గల్లీ. పొద్దున్నే బస్సెక్కి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా గౌలిగూడ బస్టాండులో దిగి నడిచి వెళ్లేవాళ్లం. గల్లీలో అడుగు పెట్టగానే సోల్డర్ పేస్టు వాసన. కౌంటర్ల మీద రిజిస్టెన్స్‌లు గుత్తులుగా, కండెన్సర్లు డబ్బాల్లో. మామ చీటీ ఇచ్చేవాడు కాదు. నోటితో చెప్తే ఆ కౌంటరు వెనకాయన చూడకుండానే చేయి పెట్టి తీసిచ్చేవాడు. దొరకనిదానికి ఏది పెట్టాలో కూడా అతనే చెప్పేవాడు. ఒక రోజు మామ ఆయనతో ఉర్దూలో అరగంట మాట్లాడి, వ్యాసంలో ఎక్కడా లేని మార్పు ఒకటి తెలుసుకుని వచ్చాడు. గెర్న్స్‌బ్యాక్ దుకాణంలో 1908లో జరిగింది కూడా ఇలాంటి మాటలే అయి ఉంటాయి. కౌంటరు దగ్గర జరిగిన ఆ మాటలే పత్రికలో అచ్చయ్యాయి.

మనదేశంలో 1969లో ఢిల్లీ నుంచి ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ మొదలైంది. అది చేతికి వచ్చాక మాకు చాలా కష్టం తప్పింది. అందులో సర్క్యూట్లు ఎస్‌ఎల్100తో, బీసీ148తో ఉండేవి. అంటే బొమ్మలో ఉన్నదే గుజరాతీ గల్లీలో దొరికేది. వాళ్లు కిట్లు కూడా అమ్మారు. అమెరికా పత్రిక గొప్పదే, కానీ మా అవసరానికి దీనిదే పైచేయి. మామ అయితే పాత సంచికలు పారేయనిచ్చేవాడు కాదు, ఒక్కో ఏడాదివి దారంతో కుట్టి పెట్టించాడు.

గెర్న్స్‌బ్యాక్ 1967 ఆగస్టు 19న చనిపోయాడు. కొడుకు హార్వే పత్రిక కొనసాగించాడు. ఆ తర్వాత పదేళ్లలో ఆ పత్రిక కంప్యూటర్ల చరిత్రలో రెండుసార్లు ముందుంది. 1973 సెప్టెంబరు సంచికలో డాన్ లాంకాస్టర్ టీవీ టైప్‌రైటర్ ప్రచురించాడు. కీబోర్డు మీద కొడితే ఇంట్లో టీవీ తెర మీద అక్షరాలు కనపడతాయి, వరసకు 32 అక్షరాలు, మొత్తం 16 వరసలు. 1974 జులైలో జోనథన్ టైటస్ మార్క్-8 వచ్చింది. ఇంటెల్ 8008 చిప్‌తో ఇంట్లో కట్టుకునే కంప్యూటర్ అది. వివరాల పుస్తకం ఐదు డాలర్లు. బోర్డులు విడిగా కొనుక్కోవాలి. చిప్, మెమరీ, మిగతా సామాను ఎవరికి వాళ్లు ఎక్కడెక్కడి నుంచో సంపాదించుకోవాలి.

ఆరు నెలల తర్వాత, 1975 జనవరిలో, పోటీ పత్రిక పాపులర్ ఎలక్ట్రానిక్స్ అట్ట మీద ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ వచ్చింది. చిప్ కొత్తది, ఇంటెల్ 8080. అది ఒక కారణమే. నా లెక్కలో అంతకంటే పెద్ద కారణం వేరే ఉంది. ఆల్బకర్కీలోని ఎమ్‌ఐటీఎస్ కంపెనీ 397 డాలర్లకు చిప్‌తో సహా, పెట్టెతో సహా మొత్తం కిట్టుగా పంపింది. వందల్లో వస్తాయనుకున్న ఆర్డర్లు వేలల్లో వచ్చాయి. ఆ పత్రిక చూసే పాల్ అలెన్, బిల్ గేట్స్ ఆల్టెయిర్ కోసం బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రాశారు, మైక్రోసాఫ్ట్ పుట్టింది. మార్క్-8 పేరు ఈ రోజు కొద్దిమందికే తెలుసు. టెలిమ్‌కోను ఒక్క పెట్టెలో పెట్టి పంపిన మనిషి స్థాపించిన పత్రిక, సామాను సంగతి పాఠకుడికే వదిలేసింది. పోటీవాళ్లు గెర్న్స్‌బ్యాక్ పాత పద్ధతినే పట్టుకున్నారు. ఆయన బతికుంటే జులై సంచికతో పాటే కిట్టు కూడా సిద్ధం చేయించేవాడని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు రేడియో న్యూస్ సంగతి. 1929లో గెర్న్స్‌బ్యాక్ చేయి దాటిన ఆ పత్రిక 1938లో జిఫ్ డేవిస్ కంపెనీకి చేరింది. 1959లో ఎలక్ట్రానిక్స్ వరల్డ్ అయింది. 1972లో అదే కంపెనీ 1954 నుంచి నడుపుతున్న పాపులర్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిపోయింది. పాపులర్ ఎలక్ట్రానిక్స్ 1982లో కంప్యూటర్స్ అండ్ ఎలక్ట్రానిక్స్‌గా మారి 1985లో ఆగింది. ఆ పాత పేరును గెర్న్స్‌బ్యాక్ కంపెనీ తీసుకుని, 1989 ఫిబ్రవరి నుంచి తమ ఇంకో పత్రికకు పెట్టుకుంది. అరవై ఏళ్ల కిందట పోగొట్టుకున్న బిడ్డ వంశం తిరిగి ఇంటికి వచ్చినట్టయింది.

అయితే అప్పటికే ప్రకటనలు పలచబడ్డాయి. ఇంటి దగ్గర టీవీ సైతం కట్టుకునేలా కిట్లు అమ్మిన హీత్‌కిట్ 1992లో కిట్లు ఆపేసింది. అదే ఏడాది రేడియో ఎలక్ట్రానిక్స్ పేరు ఎలక్ట్రానిక్స్ నౌ అయింది. బోర్డుల మీద సామాను కంటికి ఆననంత చిన్నదైంది. బాగుచేయించడం కంటే కొత్తది కొనడం చవకైంది. 2000 జనవరిలో మిగిలిన రెండు పత్రికలనూ కలిపి పాప్‌ట్రానిక్స్ అన్నారు. 2002 డిసెంబరులో కంపెనీ మూతపడింది. పాఠకులు విడిచిపెట్టడం వల్లే ఆగిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పాఠకుడు చివరిదాకా ఉన్నాడు. అతనికి సామాను అమ్మే దుకాణాలు ముందు పోయాయి.

మామ దుకాణం కూడా ఇప్పుడు లేదు. ఆ చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మా వీధి పిల్లలు ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డులు, సెన్సర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు, రెండు మూడు రోజుల్లో నల్లగొండకు వచ్చేస్తున్నాయి. సామాను కరువు తీరింది. వీడియోలు చూసి కలిపేస్తున్నారు, వెలుగుతోంది కూడా. కానీ ఈ రిజిస్టెన్స్ తీసేస్తే ఏమవుతుంది అని అడిగితే ఆగిపోతున్నారు. నెలనెలా ఒక సర్క్యూట్ తీసుకుని, ప్రతి పార్టూ అక్కడ ఎందుకుందో తెలుగులో చెప్పి, ఆ సామానంతా ఒక కవర్లో పెట్టి అమ్మే పత్రిక ఒకటి ఉంటే బాగుంటుంది. ఇది పెద్ద పెట్టుబడి పని కూడా కాదు. ఎవరైనా చేస్తామంటే వ్యాసాలు రాసిచ్చే పూచీ నాది. మామ ట్రంకుపెట్టెలో కాగితాలు నా దగ్గరే ఉన్నాయి.

పాత సంచికలు చూడాలనుకునేవాళ్లు 1908 నుంచి వరసగా మొదలుపెట్టకండి, విసుగొస్తుంది. ముందు ఇరవైల నడుమ నాటి రేడియో న్యూస్ ఏదో ఒకటి తెరిచి ప్రకటనలు చూడండి. తర్వాత ముప్పైల నాటి రేడియో క్రాఫ్ట్‌లో సర్వీసు పేజీలు చదవండి, రిపేరు పని చేసేవాళ్లకు అవి ఇప్పటికీ పనికొస్తాయి. ఆ తర్వాత 1974 జులై రేడియో ఎలక్ట్రానిక్స్, 1975 జనవరి పాపులర్ ఎలక్ట్రానిక్స్ సంచికలు రెండూ పక్కపక్కన పెట్టుకుని, సామాను ఎక్కడ దొరుకుతుందో చెప్పిన పేరాలు వెతకండి.